ఎండ ముదరకముందు: పాలమూరు, నల్లగొండ గుట్టల్లో వేసవి పిట్టలు

మే నెలలో మహబూబ్‌నగర్‌లో సూర్యుడు సుమారు 5:45కు ఉదయిస్తాడు. పట్టణం అంచున అప్పన్నపల్లి అటవీ భూమిలో, రెండు వేల ఎకరాలకు పైగా పరుచుకున్న మయూరి పార్కులో పిట్టల దినచర్య అంతకు అరగంట ముందే మొదలవుతుంది. చీకటి ఇంకా పూర్తిగా విడవకముందే నలుపు తెలుపుల నల్లంచి ఈల అందుకుంటుంది. తరువాత నెమలి, ఆ వెనుక పొదల్లోంచి కౌజు పిట్ట, ఎక్కడో దూరంగా కోకిల. ఆరున్నరకు గుట్ట అంతా మేల్కొని ఉంటుంది. ఎనిమిదిన్నర దాటేసరికి అదే గుట్ట మూగబోతుంది. తొమ్మిదిన్నరకు దిగి వచ్చినవారికి తుమ్మచెట్ల నీడలో నోరు తెరుచుకుని కూర్చున్న రెండు మూడు మైనాలు తప్ప ఏమీ కనిపించవు. అలాంటివారే "ఎండాకాలం పిట్టలు ఉండవు" అని తీర్మానిస్తారు.

ఈ అభిప్రాయం చాలా గట్టిగా నాటుకుపోయింది. పక్షులను చూడడమంటే శీతాకాలపు పని అనీ, చెరువుల మీద వలస బాతులు దిగినప్పుడే బైనాక్యులర్ బయటికి తీయాలనీ ఎక్కువమంది అనుకుంటారు. వలస పక్షులు మార్చి, ఏప్రిల్ నాటికి ఉత్తరానికి వెళ్లిపోతాయి, నిజమే. అయితే వెళ్లినవి అతిథులు. ఇంటివాళ్లు ఇక్కడే ఉన్నారు. వాళ్లు జత కట్టేది, గూడు పెట్టేది, పిల్లలను సాకేది ఎక్కువగా ఈ మండుటెండల్లోనే. అంటే దక్షిణ తెలంగాణ పిట్టల జీవితంలో అతి ముఖ్యమైన నెలలను మనం ఫ్యాను కింద పడుకుని వదిలేస్తున్నాం.

తెల్లవారుజాము నుంచి ఎనిమిదిన్నర దాకా సాగే ఆ మూడు గంటల సందడి గుట్టు తెలియాలంటే పిట్ట ఒంటి వేడి దగ్గర మొదలుపెట్టాలి. పక్షుల శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 40 నుంచి 42 డిగ్రీల మధ్య ఉంటుంది. వాటికి స్వేద గ్రంథులు లేవు. గాలి 30 డిగ్రీల దగ్గర ఉన్నంతవరకు ఒంట్లోని వేడి దానంతటదే బయటికి పోతుంది. నల్లగొండలో మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు రావడం మామూలే కనుక, అప్పుడు గాలే పిట్ట ఒంటికన్నా వేడిగా ఉంటుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే, ఒంట్లోని నీటిని ఆవిరిగా వదలడం. మైనా నోరు తెరిచి రొప్పడం, పావురం గొంతు కింది చర్మాన్ని గబగబా ఆడించడం అందుకే. ప్రతి రొప్పుకూ కొంత నీరు ఖర్చవుతుంది. ఆ నీటిని మళ్లీ ఎక్కడో సంపాదించుకోవాలి. మే నెలలో కుంటలు ఎండి, వాగులు ఇసుక తేలిన చోట అది చిన్న విషయం కాదు.

కాబట్టి పిట్ట తన రోజును ఇల్లాలు నెలాఖరు డబ్బును వాడినట్టు వాడుకుంటుంది. పాట, పోట్లాట, మేత, గూటికి పుల్లలు మోయడం వంటి ఒంటిని వేడెక్కించే పనులన్నీ చల్లని వేళలోనే ముగించాలి. తెల్లవారుజామున గాలి నిలిచి ఉంటుంది, చప్పుళ్లు తక్కువ, కూత దూరం పోతుంది. పురుగులు పట్టేంత వెలుగు ఇంకా రాలేదు కనుక ఆ సమయాన్ని పాటకు కేటాయిస్తే నష్టమూ లేదు. వెలుగు రాగానే పాట తగ్గి మేత మొదలవుతుంది. ఎండ చురుక్కుమనేసరికి నీడ. ఈ వరుస తెలిసినవాళ్లు మొదటి అరగంట కళ్లకన్నా చెవులకు పని చెబుతారు, తరువాతి గంట పూసిన చెట్టు, పండిన చెట్టు వెతుక్కుంటారు, చివరి గంట నీటి పక్కన దూరంగా కూర్చుంటారు. నడిచిన దూరం తక్కువే అయినా చూసినవి ఎక్కువ ఉంటాయి.

దీనికి లొంగనివీ కొన్ని ఉన్నాయి. రాగి రేకు మీద సన్న సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ మంటూ కూసే కంసాలి పిట్ట నడి మధ్యాహ్నం కూడా ఆగదు. కోకిలా అంతే. కోకిల ఏడాది పొడవునా మన మధ్యే ఉంటుంది. చలికాలమంతా గొంతు విప్పదు కాబట్టి ఉగాదికి ఎక్కడినుంచో వచ్చిందనుకుంటాం. కూసేది నల్లని మగది. మచ్చల గోధుమరంగు ఆడది కాకి గూడు కోసం కాచుకుని ఉంటుంది. అందుకే కోకిల కూతల కాలమూ కాకి గూళ్ల కాలమూ ఒకటే.

ఇంత కటిక ఎండలో పిల్లలను కనడం ఎందుకు? పక్షులను గమనించేవారిని అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసే ప్రశ్న ఇదే. దీనికి ఒకే జవాబు లేదు, ఒక్కో పిట్టది ఒక్కో లెక్క.

పాలపిట్టను తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లినప్పుడు దాన్ని చూస్తే శుభమని ఊరంతా ఆకాశం వైపు చూస్తుంది. కానీ ఆ పక్షి తన అసలు విద్య చూపేది దసరాకు కాదు, మార్చి నుంచి మే వరకు. మగ పాలపిట్ట నిట్టనిలువుగా పైకి లేచి, అక్కడి నుంచి అటూ ఇటూ దొర్లుతూ, బొంగురు గొంతుతో అరుస్తూ కిందికి దూకుతుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా కనిపించే ఒళ్లు ఒక్కసారిగా రెండు నీలాలుగా విచ్చుకుంటుంది. ఆంగ్లంలో దానికి రోలర్ అన్న పేరు ఈ దొర్లుడు వల్లనే వచ్చింది. గూడు ఎక్కువగా చెట్టు తొర్రలో, తల విరిగిన తాటి మోడులో. నల్లగొండ జిల్లాలో తాటిచెట్లకు కొదవ లేదు, కానీ ఎండిన మోడును పనికిరానిదని కొట్టేస్తే పాలపిట్టకు ఇల్లు పోయినట్టే. పెద్ద పురుగులు, మిడతలు, తొండలు దాని మేత. పంటలు కోసి చేలు బోడిగా ఉన్న వేసవిలో తీగ మీద నుంచి చూస్తే నేల మీద కదిలే ప్రతి పురుగూ కనిపిస్తుంది. పిల్లలు రెక్కలొచ్చి బయటికి వచ్చేనాటికి తొలకరి పడి పురుగు పుడుతుంది. దసరాకు కొన్నిచోట్ల దాన్ని పట్టి పంజరంలో పెట్టి చూపించి డబ్బు అడిగేవారు కనిపిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అలా చూసే చూపులో శుభం ఏముంటుందో ఆలోచించుకోవాలి. ఏప్రిల్ ఉదయం అదే పిట్టను దాని ఆకాశంలో చూసినవారు పంజరం వైపు మళ్లీ చూడలేరు.

తీతువు పిట్టది మరో లెక్క. దానికి గూడంటూ లేదు. బోడి నేల మీద నాలుగు గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, అవీ రాళ్ల రంగులోనే. అలాంటి నేల చెరువు శిఖంలో, అంటే నీరు నిలిచే చెరువు లోపలి నేలలో దొరుకుతుంది, నీరు వెనక్కి తగ్గి బురద పగుళ్లిచ్చిన వేసవిలో మాత్రమే దొరుకుతుంది. వానలు పడితే అదే చోటు మునిగిపోతుంది. అందుకే ఎండ ఎంత ఉన్నా తీతువుకు గత్యంతరం లేదు. మధ్యాహ్నం అది గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం ఇవ్వడానికి కాదు, నీడ ఇవ్వడానికి. దగ్గరలో నీరుంటే పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి ఆ తడిని గుడ్లకు తగిలిస్తుంది. ఊళ్లల్లో తీతువు కూస్తే అశుభమంటారు. నిజానికి ఆ కూత ఒక తల్లి భయం. నడిచే మనిషి తన గుడ్ల వైపు వస్తున్నాడని అది ఏడుస్తోంది. విన్న వెంటనే ఆగి, వచ్చిన దారినే వెనక్కి తిరగడం ఉత్తమం. ఎండలో తల్లి పది నిమిషాలు దూరమైతే ఆ గుడ్లు రాళ్లతో పాటు కాలిపోవచ్చు.

ఉదయపు నడకను ఎనిమిదిన్నరకు ముగించమనడం మన ఒంటికి ఎండ దెబ్బ తగులుతుందని మాత్రమే కాదు. ఏడు గంటలకు గూటి నుంచి లేచిన పిట్ట మళ్లీ వచ్చి కూర్చోవడానికి వ్యవధి ఉంటుంది. పదకొండు గంటలకు లేపితే ఆ వ్యవధి ఉండదు.

పచ్చని పసిరిక పిట్టలు వాగు ఒడ్డున మట్టిగోడలో మూరెడు లోతు, ఒక్కోసారి అంతకన్నా లోతు, సొరంగం తవ్వి లోపల గుడ్లు పెడతాయి. బయట నిప్పులు కురుస్తున్నా ఆ సొరంగం లోపల వేడి అంతగా ఎక్కదు. వానలకు వాగు పొంగకముందే పిల్లలు ఎగిరిపోవాలి. కాబట్టి వాటికీ మార్చి నుంచి జూన్ వరకే గడువు. ఇసుక కోసం ఒడ్లను కోసేది కూడా వాగు ఎండిన ఆ నెలల్లోనే కావడం వాటి దురదృష్టం.

ఇందుకు విరుద్ధంగా గిజిగాడు వాన పడేదాకా పని మొదలుపెట్టదు. గూడు అల్లడానికి దానికి పచ్చిగడ్డి పోచలు కావాలి, ఎండు పోచ వంగదు. ఏప్రిల్‌లో ఈత చెట్టుకు వేలాడే గూళ్లన్నీ పోయిన ఏడాదివి. వాటిలో కొన్నిటిని మునియా పిట్టలు పడకగా వాడుకుంటాయి.

రాళ్ల సంగతి వేరు. భువనగిరి, రాచకొండ, దేవరకొండ వైపు గుట్టలు పెద్ద పెద్ద గ్రానైట్ గుండ్లు పేర్చినట్టు ఉంటాయి. ఆ గుండ్ల మధ్య సందుల్లో రేగు, పరికి, సీతాఫలం, బలుసు పొదలు. గుండు నీడలో మధ్యాహ్నం కూడా కొంత చల్లదనం నిలుస్తుంది, రాతి దొనెల్లో వాన నీరు కొన్నాళ్లు దాగుతుంది. పసుపు గొంతు బుల్బుల్ అనే పిట్ట సరిగ్గా ఇలాంటి రాతి గుట్టల పొదలనే కోరుకుంటుంది. దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఈ పిట్ట ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో ఉంది. మన పెరటి పిగిలి పిట్టకు దగ్గరి చుట్టమే, కానీ మనిషికి దూరంగా మసలుతుంది. దాని ఆవాసాన్ని గుట్టను తొలిచే క్వారీ ఒక్కసారిగా మాయం చేస్తుంది. చెట్టు కొడితే మళ్లీ నాటవచ్చు, గుండు పగిలితే దాన్ని ఎవరు మొలిపిస్తారు?

పొదలతో కూడిన ఈ మెట్ట నేలను కాగితాల మీద బంజరు, పడావు అని రాస్తారు. ఏమీ పండనిది కనుక ఏమీ లేనిదన్న భావన ఆ మాటల్లోనే ఉంది. మయూరి పార్కు లోపల, దాని చుట్టుపక్కల తిరిగేవారు గమనించవలసింది ఇదే. కౌజు పిట్టకు, భరత పక్షులకు, పూరేడుకు, రాత్రిపూట తిరిగే నైట్‌జార్‌కు ఎత్తయిన చెట్ల తోపు పనికిరాదు. చెదురుమదురు పొదలు, మధ్యలో బోడి నేల, మోకాలెత్తు గడ్డి కావాలి. మంచి ఉద్దేశంతోనే అలాంటి నేలంతా గుంతలు తీసి మొక్కలు నాటితే కొన్నేళ్లకు పచ్చదనం పెరుగుతుంది, ఆ పిట్టలు మాత్రం పోతాయి. పచ్చగా కనిపించినదల్లా అడవి కాదు, ఎండిపోయి కనిపించినదల్లా బీడూ కాదు. పార్కులు కట్టేవారు కొంత మెట్టను దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు. దానికి ఖర్చు కూడా లేదు.

నైట్‌జార్ గురించి రెండు మాటలు. తెల్లవారకముందు గుట్ట దారిలో నునుపు బండ మీద గోళీ వదిలితే అది ఎగిరెగిరి చివరికి ఆగినట్టు చుక్ చుక్ చుక్ చుర్రు మని వినిపించే కూత దానిదే. ఎండుటాకుల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. అది కూర్చుంటే ఆకుకూ పిట్టకూ తేడా తెలియదు. వేసవిలో ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు బాగా చిగుర్చడానికి అడవి నేలకు నిప్పు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. చెట్లు ఆ మంటను తట్టుకుని నిలుస్తాయి. నేల మీద గుడ్లు పెట్టినవాటికి ఆ ఏడాది సంతానం ఉండదు.

నల్లమలకు వస్తే దృశ్యమే మారిపోతుంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఫరహాబాద్, మన్ననూరు, ఉమామహేశ్వరం చుట్టుపక్కల అడవి ఏప్రిల్‌కు ఆకులన్నీ రాల్చేస్తుంది. చూసేవారికి అది ఎండిన అడవి, పిట్టలు చూసేవారికి తెర తీసిన రంగస్థలం. వానాకాలంలో ఆకుల వెనక దాగే వడ్రంగి పిట్ట ఇప్పుడు బోడి కొమ్మ మీద పట్టపగలే కనిపిస్తుంది. చేవగల మర్రి, మేడి, రావి చెట్లు మాత్రం ఆ మోడుల మధ్య పచ్చగా ఉంటాయి. మేడి పండిందంటే పచ్చ గువ్వలు, కంసాలి పిట్టలు, కోకిలలు, గోరువంకలు ఒకే చెట్టుకు చేరతాయి. అరగంట ఆ చెట్టు కింద నిలబడితే మూడు కిలోమీటర్లు నడిచినదానికన్నా ఎక్కువ లాభం. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికీ ఇదే వర్తిస్తుంది. ఏడు శతాబ్దాల నాటిదని చెప్పే ఆ మర్రిని ఒక చెట్టుగా కాక, ఎండల్లో తెరిచి ఉంచిన ఒక అన్నసత్రంగా చూడాలి.

ఫరహాబాద్ పేరు పక్షి శాస్త్ర చరిత్రలోనూ ఉంది. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ ఈ అమ్రాబాద్ పీఠభూమి మీద కూడా పక్షులను నమోదు చేశాడు. ఆ సర్వే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడింది. తొంభై ఏళ్ల కిందటి ఆ జాబితాను పక్కన పెట్టుకుని నేడు అదే చోట ఉదయం నడిస్తే ఏవి మిగిలాయో, ఏవి తగ్గాయో పోల్చుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త: అది పులుల అడవి. అటవీ శాఖ అనుమతి లేకుండా కాలినడకన లోపలికి పోకూడదు. దారి చూపడానికి వచ్చే చెంచుల మాట వినడం ఏ పుస్తకం చదవడానికీ తీసిపోదు. పిట్ట కనబడకముందే కూతను బట్టి అదేమిటో, ఎందుకు కూస్తోందో చెప్పగలిగినవారు వాళ్లలో ఉన్నారు.

తెలుగు పేర్లలోనే బోలెడు పరిశీలన దాగి ఉంది. చెట్టును తొలిచేది వడ్రంగి, రేకు కొట్టేది కంసాలి. పసుపు పచ్చని ఒరియోల్‌ను వంగపండు అంటారు. ముదిరి పండిన వంకాయ పసుపు రంగుకు తిరుగుతుందని తెలిసిన రైతు పెట్టిన పేరే అయి ఉంటుందనిపిస్తుంది. ఇక 'పిట్ట' అన్న మాటే ప్రపంచమంతా తిరుగుతోంది. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియ్యో ఒక పక్షి ప్రజాతికి పెట్టిన శాస్త్రీయ నామం పిట్టా, అది తెలుగు నుంచే వెళ్లింది. ఆ ప్రజాతిలో మన దేశానికి చెందిన రంగురంగుల చిన్న పక్షి, పొన్నంగి పిట్ట, చలికాలం దక్షిణాదిన గడిపి, మే, జూన్ నెలల్లో గుడ్లు పెట్టడానికి ఉత్తరం వైపు సాగుతుంది. రాత్రిళ్లు ప్రయాణం చేస్తుంది కనుక పట్టణ దీపాలకు దారి తప్పి భవనాలకు తగులుకుని తెల్లారేసరికి ఏ వాకిట్లోనో సొమ్మసిల్లి కనిపిస్తుంటుంది. అలాంటప్పుడు దాన్ని గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి, తేరుకున్నాక చెట్లున్న చోట వదలాలి. నీళ్లు నోట్లో పోయడం దానికి ప్రమాదం.

పరికరాల మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. 8×42 అని రాసి ఉన్న బైనాక్యులర్ చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుంది, 42 మిల్లీమీటర్ల కటకం తెల్లవారుజాము మసక వెలుగును బాగా పట్టుకుంటుంది. అంతకన్నా ఎక్కువ రెట్లది కొంటే చేయి వణికినప్పుడల్లా పిట్ట వణుకుతుంది. కూతను గుర్తుపట్టే మెర్లిన్ వంటి ఫోను యాప్‌లు కొత్తవారికి నిజంగా మేలు చేస్తాయి. కానీ అదే ఫోనులో కూత వినిపించి పిట్టను పిలవడం వేసవిలో చేయకూడని పని. ప్రత్యర్థి తన హద్దులోకి వచ్చాడనుకుని మగ పిట్ట మేత మాని, గూడు వదిలి, లేని శత్రువు కోసం ఆ కాస్త చల్లని వేళనంతా వెతుకులాటలో తగలేస్తుంది. నీటి లెక్క గురించి పైన చెప్పినది గుర్తుంటే, ఆ నష్టం ఎంతో అర్థమవుతుంది. గూటి ఫొటో కోసం అడ్డున్న కొమ్మను వంచడమూ అలాంటిదే. ఆ కొమ్మ అక్కడున్నది నీడకు, కాకి కంట పడకుండా ఉండడానికి.

నీటి దగ్గర కూర్చునేవారు ఇంకొంచెం ఓపిక పట్టాలి. పాలమూరు మెట్ట భూముల్లో పావురంలా వేగంగా ఎగిరి, కౌజులా నేల మీద నడిచే శాండ్‌గ్రౌస్‌లు సూర్యోదయమైన గంటా రెండు గంటలకు గుంపుగా నీటికి వస్తాయి. ఎండు గింజలే వాటి తిండి కాబట్టి నీరు తప్పనిసరి. మగది పొట్ట ఈకల్లో నీటిని పీల్చుకుని దూరంగా ఉన్న పిల్లల దగ్గరికి మోసుకుపోతుంది, పిల్లలు ఆ ఈకలను చీకుతాయి. కుంట గట్టు మీద నాలుగు మోటారు సైకిళ్లు ఆగి ఉంటే ఆ గుంపు దిగకుండానే తిరిగిపోతుంది. నీటికి కనీసం యాభై అడుగుల దూరంలో, పొద చాటున, నిలబడకుండా కూర్చోవడం మంచిది.

వేసవిలో చెరువుల్లో మట్టి తీసే పని కూడా ఈ లెక్కలోకి వస్తుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తరువాత పూడికతీత ఊరూరా జరిగింది. ఒండ్రు చేలకు బలం, చెరువుకు లోతు. దాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే తవ్వకం సాగే ఏప్రిల్, మే నెలలే శిఖంలో తీతువులు గుడ్లు పెట్టే నెలలు. పని మొదలుపెట్టే ముందు ఒక ఉదయం శిఖంలో నడిచి, తీతువు అరుస్తూ తల మీద తిరిగిన చోటును గుర్తుపెట్టి, అక్కడ నాలుగు గజాల నేలను మూడు నాలుగు వారాలు వదిలేస్తే సరిపోతుంది. గుడ్లు పొదగడానికి పట్టేది సుమారు నాలుగు వారాలే, పొదిగిన పిల్లలు ఆ రోజే లేచి నడుస్తాయి. ఊరి బడి పిల్లలకు ఈ పని అప్పగిస్తే పెద్దలకన్నా బాగా చేస్తారు.

జూన్ మొదటి వారంలో గాలి దిక్కు మారుతుంది. నలుపు తెలుపుల ఒంటితో, తల మీద కుచ్చుతో చాతక పక్షి కనిపించడం మొదలవుతుంది. దక్షిణాది చివరన ఏడాది పొడవునా ఉండేవి కాక, మిగిలినవి నైరుతి గాలులతో పాటు ఆఫ్రికా వైపు నుంచి సముద్రం దాటి వస్తాయి. వాన చినుకు తప్ప తాగదని కవులన్న ఆ పక్షి నిజానికి గొంగళి పురుగుల కోసం, తన గుడ్లు పెట్టుకోవడానికి గుంపులుగా తిరిగే బూడిదరంగు బాబ్లర్ పిట్టల గూళ్ల కోసం వస్తుంది. తొలి వాన పడిన నాలుగు రోజులకు బావి మీదికి వంగిన ఈత చెట్టుకు మగ గిజిగాడు మొదటి పచ్చిపోచ ముడి వేస్తుంది. శిఖంలో తీతువు పిల్లలు అప్పటికి తల్లి వెంట పరుగులు తీస్తుంటాయి, వాటి వెనకే నీరు కట్ట వైపు నుంచి మెల్లగా పైకి పాకుతుంటుంది.